ఆకుకూరలోని మందును లోకానికి అందించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన తెలుగు జాతి గర్వించదగిన శాస్త్రవేత్తల్లో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు మొదటి వరుసలో ఉంటారు. అయినా ఆయన పేరు మన విద్యార్థుల్లో చాలామందికి తెలియదు. స్కూల్లో వారానికోసారి మనకు ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను మాత్రం అందరూ ఎరుగుదురు. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కూడా ఉంటుంది. దాన్ని మొదటిసారి ప్రయోగశాలలో తయారుచేసిన శాస్త్రవేత్తల బృందానికి నాయకుడు మన సుబ్బారావు గారే. తినే తిండికీ ఒంటికీ, తినే తిండికీ మెదడుకీ ఉన్న సంబంధం ఏమిటో తెలుసుకోవడానికి ఆయన జీవితం ఒక మంచి పాఠం. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన్ని గుర్తుచేసుకుందాం.

బాల్యం, చదువు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న గోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రి రెవెన్యూ శాఖలో పనిచేసేవారు. ఆరోగ్యం పాడై ఆయన ఉద్యోగం మానుకోవలసి రావడంతో ఆ పెద్ద కుటుంబం ఇబ్బందుల్లో పడింది. చిన్నతనంలో సుబ్బారావుకు చదువు మీద అంత ధ్యాస ఉండేది కాదు. పదమూడేళ్ళ వయసులో కాశీకి పోయి, యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు వదిలి పారిపోబోయాడు. తల్లి పట్టి వెనక్కి తెచ్చి మళ్ళీ బడిలో కూర్చోబెట్టింది. తండ్రి పోయాక కూడా ఆ తల్లి పట్టుదల వదలలేదు. నగలు అమ్మి మరీ కొడుకును చదివించింది.

ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. మద్రాసు హిందూ హైస్కూల్లో చేరి మూడోసారికి గట్టెక్కారు. ఇది మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతి. పదో తరగతిలో ఒక్కసారి తప్పితే చదువుకు దండం పెట్టి వేటకో, రొయ్యల గుంటల పనికో పోయే పిల్లలు మన తీరంలో ఉన్నారు. రెండుసార్లు తప్పిన ఈ పిల్లవాడే తర్వాత హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందాడు.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివేటప్పుడు ఆయనకు సన్యాసం మీద మనసు మళ్ళింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. వైద్యం చదివితే ప్రజలకు సేవ చేయవచ్చని మఠం వారు కూడా నచ్చజెప్పారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు డబ్బు సాయం చేశారు. అది గాంధీ గారి పిలుపుతో దేశం కదులుతున్న కాలం. సుబ్బారావు గారు ఖద్దరుతో కుట్టించుకున్న గౌను వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళడం ఇంగ్లీషు ప్రొఫెసరుకు నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా ఆయనకు పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ ఇవ్వలేదు. తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్ ఇచ్చి పంపారు.

ఇంట్లో పడిన పిడుగు

ఆ రోజుల్లోనే ఆయన జీవితాన్ని మార్చిన సంఘటన జరిగింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి, ఇద్దరూ ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. ఇద్దరినీ బలిగొన్నది స్ప్రూ అనే వ్యాధి. సంగ్రహణి అని మన పెద్దలు చెప్పే జబ్బు ఇలాంటిదే. ఈ జబ్బులో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్న తిండిలోని సారం ఒంటికి పట్టదు. విరేచనాలవుతాయి, నోరు పూస్తుంది, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. కంచంలో అన్నం ఉన్నా ఆకలి చావే అన్నమాట. అప్పట్లో దీనికి సరైన మందు లేదు.

సుబ్బారావు గారికి కూడా ఆ జబ్బే వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి చికిత్సతో ఆయన బతికారు. తర్వాత ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలోనే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. డాక్టరు చదువు చదివి కూడా తోడబుట్టినవారిని కాపాడుకోలేకపోయానన్న బాధ ఆయనను వదల్లేదు. ఈ జబ్బు ఎందుకు వస్తుంది, దీనికి మందేమిటి అన్న ప్రశ్నతోనే ఆయన అమెరికాకు బయలుదేరారు.

అమెరికాలో కష్టాలు

కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన సాయంతో ఆయన 1922 అక్టోబరు 26న బోస్టన్ నగరం చేరారు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన వెళ్ళాక పుట్టిన బిడ్డ పసితనంలోనే చనిపోయాడు. ఆ తర్వాత ఆ దంపతులు మళ్ళీ కలుసుకోలేదు.

హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని అది. పగలు చదువు, రాత్రి ఆ పని. డిప్లొమా తర్వాత జీవరసాయన శాస్త్రం వైపు వచ్చి సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. 1925లో వారిద్దరూ రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతా పేరు పొందింది.

ఆ కొలత సాయంతోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అంటే ఏటీపీని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. సైన్సు పుస్తకంలో ఏటీపీని కణానికి శక్తినిచ్చే నాణెం అని చదువుకుంటాం. మనం తిన్న అన్నం, పప్పు, చేప అన్నీ చివరకు ఈ నాణెంగా మారితేనే ఒంటికి ఖర్చుపెట్టుకోవడానికి వీలవుతుంది. మెదడు మన బరువులో నూటికి 2 వంతులే. కానీ విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒళ్ళు ఖర్చుచేసే శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. శక్తిని పెద్దగా దాచుకోలేదు కూడా. పరీక్ష రోజున టిఫిన్ మానేసి వెళితే లెక్క తోచకపోవడంలో వింతేమీ లేదు.

1930లో ఆయన పి.హెచ్.డి. పొందారు. ఇన్ని కనిపెట్టినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో చేరి, తర్వాత పరిశోధనలకు డైరెక్టర్ అయ్యారు.

ఆకు నుంచి మందు

రక్తహీనతకు, తిండికి ఉన్న సంబంధం అప్పటికే బయటపడుతోంది. 1926లో మైనాట్, మర్ఫీ అనే అమెరికా వైద్యులు కార్జం తినిపించి ప్రాణాంతకమైన ఒక రక్తహీనతను నయం చేశారు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకు లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతను పరిశీలించింది. ఈస్ట్ నుంచి తీసిన సారం ఇస్తే వాళ్ళు కోలుకున్నారు. అందులో ఏదో ఉందని తెలిసింది గాని అదేమిటో తెలియలేదు. 1941లో కొందరు శాస్త్రవేత్తలు పాలకూర ఆకుల నుంచి ఒక పదార్థం తీసి దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. టన్నుల కొద్దీ ఆకు నుంచి రవ్వంత మాత్రమే వచ్చింది. రోగులకు ఇవ్వాలంటే అది చాలదు.

ఆ పనిని సుబ్బారావు గారి బృందం తలకెత్తుకుంది. 1945 నాటికి ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని తేల్చి, ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది. ఇక ఎంత కావాలంటే అంత చేసుకోవచ్చు. టామ్ స్పైస్ అనే వైద్యుడు క్యూబా, పోర్టోరికోల్లో స్ప్రూ రోగులకు ఆ మందు ఇచ్చి చూశారు. మంచం పట్టినవారు లేచి కూర్చున్నారు, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. అన్నదమ్ములను మింగిన జబ్బుకు సుబ్బారావు గారు మందు ఇచ్చారు. కానీ వారు పోయి అప్పటికి పాతికేళ్ళు దాటింది.

మెదడుకూ ఇదే ఆహారం

ఫోలిక్ ఆమ్లం గొప్పతనం అక్కడితో ఆగలేదు. తల్లి కడుపులో పిండం పడిన మొదటి 28 రోజుల్లోనే మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం మూసుకుంటుంది. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. ఆ సమయంలో తల్లి ఒంట్లో ఫోలిక్ ఆమ్లం తక్కువగా ఉంటే ఆ నాళం సరిగా మూసుకోక బిడ్డ లోపంతో పుట్టే ప్రమాదం పెరుగుతుంది. 1991లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో, అంతకుముందు అలాంటి బిడ్డను కన్న తల్లులకు గర్భం రాకముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. అందుకే ఆడపిల్లలు ఇప్పటి నుంచే మంచి తిండి తినాలి, నీలి మాత్ర మానకూడదు అని మన సిస్టరమ్మలు అంతగా చెప్పేది.

ఇంకో సంగతి కూడా తెలిసింది. ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఉంటే చాలదు. ప్రాణాంతక రక్తహీనత ఉన్నవారికి ఇది ఒక్కటే ఇస్తే రక్తం పెరిగింది గాని నరాలు చెడిపోవడం ఆగలేదు. వారికి అసలు తక్కువైనది బి12 విటమిన్. దాన్ని 1948లో వేరుచేశారు. బి12 తగ్గితే కాళ్ళు చేతులు తిమ్మిరెక్కుతాయి, మతిమరుపు వస్తుంది, మనసు కుంగుతుంది. ఇది ఆకుకూరల్లో దొరకదు. పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. మెదడుకు ఆకు కావాలి, గుడ్డూ కావాలి. ఒకటి రెండోదాని పని చేయలేదు.

చివరి రోజులు

సుబ్బారావు గారి ప్రయోగశాల నుంచి ఇంకా ఎన్నో మందులు వచ్చాయి. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందులను అక్కడ తయారుచేయగా, బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాటితో రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు తొలిసారి తాత్కాలిక ఉపశమనం కలిగించారు. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. మన కోస్తా జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన ప్రయోగశాలదే. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను డాక్టర్ డగ్గర్ కనిపెట్టింది కూడా ఆయన డైరెక్టరుగా ఉన్నప్పుడే.

ఆయన పేరు కోసం పాకులాడలేదు. మందులు ప్రజలకు చేరితే చాలనుకున్నారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారు. వెళ్ళినవారు స్వదేశానికి తిరిగి రానేలేదు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ విడుదల చేసింది.

మనం నేర్చుకోవలసింది

మిత్రులారా, సుబ్బారావు గారు ప్రపంచమంతా తిరిగి వెదికినది మన కంచంలోనే ఉంది. తోటకూర, పాలకూర, గోంగూర, మునగాకులో ఉంది. శనగలు, పెసలు, అలసందలు, వేరుశనగల్లో ఉంది. పప్పులోని ఆకును ఏరి పక్కన పెట్టేవారు ఆ మందునే పక్కన పెడుతున్నారు. ఫోలిక్ ఆమ్లం నీళ్ళలో కరిగిపోయే విటమిన్. ఆకుకూరను తరిగాక కడిగినా, ఉడికించిన నీళ్ళు పారబోసినా, ఎక్కువసేపు ఉడికించినా చాలావరకు పోతుంది. ముందు కడిగి, తర్వాత తరిగి, ఆ నీళ్ళతోనే పప్పు చేయాలని వంట అమ్మలకు కూడా మనం మర్యాదగా చెప్పవచ్చు.

మన జువ్వలదిన్నె పిల్లలకు ఇంకో అదృష్టం కూడా ఉంది. కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు మన వాకిట్లోకే వస్తాయి. చౌకరకం చేపలని కొందరు చిన్నచూపు చూస్తారు గాని, మెదడు కణాల పొరల్లో ఉండే ఒమేగా-3 కొవ్వు, బి12 వీటిలో దండిగా ఉంటాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు చిప్స్ ప్యాకెట్టు కొనే డబ్బుతో ఒక జామకాయో, నాలుగు వేరుశనగ ఉండలో కొనుక్కోవచ్చు. అన్నంలో నిమ్మరసం పిండుకుంటే ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తినగానే టీ తాగితే అదే ఇనుము ఒంటబట్టకుండా పోతుంది.

ఇవన్నీ తింటే ఒక్క రాత్రిలో తెలివి పెరిగి క్లాసు ఫస్టు వస్తామని కాదు. చదవనిదే ఏ విటమినూ మార్కులు వేయదు. కానీ రక్తం తక్కువైన పిల్లవాడు రెండో పీరియడ్‌కే అలసిపోతాడు, చెప్పింది తలకెక్కదు, చీటికిమాటికి విసుగు పుడుతుంది. తనకు చదువు రాదేమో అనుకుంటాడు. రానిది చదువు కాదు, ఒంట్లో సరైన ఆహారం లేదు. ఆ తేడా తెలియక చదువు మానేసిన పిల్లలు ఎందరో. రెండుసార్లు మెట్రిక్ తప్పిన సుబ్బారావును తల్లి పట్టుదల నిలబెట్టింది. అమ్మకు దూరంగా హాస్టల్లో ఉన్న మనం ఒకరికొకరం ఆ పట్టుదల నేర్పుకోవాలి. పక్కన కూర్చున్న తమ్ముడు ఆకుకూర వదిలేస్తుంటే తినమని చెప్పాలి. నీలి మాత్ర పారేయబోతే ఆపాలి. ఆ మహనీయునికి మనం ఇవ్వగల నివాళి అదే.