వరదల లెక్క చూచిన మహలనోబిస్

1922లో ఉత్తర వంగదేశమును వరదలు ముంచివేసెను. ఇట్టి ఆపదలలో కనికరమునకును, కొంతవరకు ధనమునకును మన దేశమున కొదువ లేదు. ఆ ధనమును ఎచ్చట వెచ్చింపవలెనన్నదే చిక్కు. వరదనీటిని నిలువరించుటకు గొప్ప వ్యయముతో జలాశయములు కట్టవలెనని ఇంజనీర్ల సంఘము సలహా యిచ్చెను. ఆ ప్రశ్న ప్రశాంతచంద్ర మహలనోబిస్ గారి యొద్దకు వచ్చెను.

వీరు 1893లో కలకత్తాలో జన్మించిరి. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రము చదివి వచ్చి, ప్రెసిడెన్సీ కళాశాలలో బోధించుచు, అంకెల శాస్త్రముపై మరులుగొనిరి. సుమారు ఏబది సంవత్సరముల వర్షపాతమును, వరదలను ఎదురెదురుగా పెట్టి చూడగా, ఆ జలాశయముల వలన ప్రయోజనము లేదనియు, నీరు త్వరగా పారిపోవు మార్గములను బాగుచేయుటయే కావలసిన పని యనియు తేలెను.

1926లో ఒరిస్సాలో బ్రాహ్మణీ నది పొంగెను. నదీగర్భము ఒక అడుగు మెరకవేసినది కావున కరకట్టలను ఇంకను ఎత్తు చేయవలెనని ఇంజనీర్లు తలచిరి. గట్టు తెగినచో గట్టు పెంచుమనుట ఎవరికైనను సబబుగనే తోచును. మహలనోబిస్ గారు అరువది ఏండ్ల లెక్కలు తీసి, నదీగర్భము మారనేలేదని చూపిరి. ఎగువన ఆనకట్టలు కట్టి అధికజలమును ఆపవలెననిరి. వంగదేశమున జలాశయములు వలదన్నవారే ఇచ్చట కావలెననిరి! మహానదికి వీరు వేసిన తొలి అంచనాలు, 1957లో ప్రారంభమైన హీరాకుడ్ ఆనకట్టకు ఆధారమయ్యెను.

1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిరి. 1943 నాటి వంగ క్షామము పిమ్మట, ఏ వృత్తులవారు చితికిపోయిరో, ఎవరికెట్టి సాయము కావలెనో తెలియుటకు, గ్రామములను మచ్చుగా ఎంచి సహచరులతో విచారణ జరిపిరి. భూమిలేని కూలీలు, జాలరులు, చేతిపనివారు అధికముగా నష్టపడిరని తెలిసెను. లక్షలమంది మరణించిన పిదప తెలిసిన సంగతి యది. ముందే తెలిసియుండిన ఎన్ని కొంపలు నిలిచెడివో!

1947లో ఢిల్లీ కల్లోలముల వేళ ఎర్రకోటలో వేలాది జనులు తలదాచుకొనిరి. లోపల ఎందరున్నారో ప్రభుత్వమునకు తెలియదు. అన్నము పెట్టు కాంట్రాక్టరు బిల్లులు మాత్రము వచ్చుచుండెను. ఈ సంస్థకు చెందిన జె.ఎం. సేన్‌గుప్తా గారు ఒక ఉపాయము చెప్పిరి. మనిషికి దినమునకు ఎంత బియ్యము, ఎంత పప్పు, ఎంత ఉప్పు కావలయునో సర్వేల వలన తెలియును గదా. బిల్లులలోని మొత్తములను వానితో భాగించిన జనసంఖ్య వచ్చును. బియ్యపు లెక్కలో జనము హెచ్చుగను, ఉప్పు లెక్కలో తక్కువగను కనబడిరి. ఉప్పు చవుక, దానిని పెంచి వ్రాసికొన్నందువలన ఎవరికిని లాభము లేదు. హుమాయూన్ సమాధి వద్ద చేరిన చిన్న శిబిరములో సరిచూడగా ఉప్పు లెక్కయే నిజమునకు దగ్గరగా నుండెను. ఈ కథను చెప్పినవారు ఆ సంస్థలోనే నాలుగు దశాబ్దములు పనిచేసిన మన తెలుగువారు సి.ఆర్. రావు గారు.

మహలనోబిస్ గారు 1972 జూన్ 28న, డెబ్బది తొమ్మిదవ జన్మదినమునకు ముందునాడు, కలకత్తాలో మరణించిరి.