ఇద్దరు బిడ్డలు, ఒకే గురువు: లియోపోల్డ్ మొజార్ట్



మొజార్ట్ అన్న పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 35 ఏళ్లకే కన్నుమూసినా 600కు పైగా సంగీత రచనలు లోకానికి ఇచ్చిపోయిన మహా విద్వాంసుడు ఆయన. వాటిలో దివ్యబలిపూజ కోసం కూర్చిన సంగీతం కూడా ఎంతో ఉంది. అయితే ఈ వారం మనం చెప్పుకోబోయేది ఆ కొడుకు గురించి కాదు, చేయి పట్టి నడిపించిన తండ్రి లియోపోల్డ్ మొజార్ట్ గురించి. ఆయన తన ఇద్దరు బిడ్డలను బడికి పంపలేదు. అక్షరాలు, లెక్కలు, భాషలు, సంగీతం, జపాలు అన్నీ తానే నేర్పాడు. అదైనా ఇంటిపట్టున ఉండి కాదు. గుర్రపు బండిలో, సత్రాల గదుల్లో, ఊరు మారినప్పుడల్లా మారే అద్దె ఇళ్లలో నేర్పాడు. గురువు ఒక్కడే గాని బిడ్డలిద్దరి స్వభావాలూ వేరు, అవసరాలూ వేరు. పిల్లల చదువు కోసం తాపత్రయపడే తల్లిదండ్రులకు ఆయన జీవితంలో నేర్చుకోవలసినదీ ఉంది, జాగ్రత్తపడవలసినదీ ఉంది.

లియోపోల్డ్ 1719 నవంబరు 14న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టే పనివాడు. పిల్లవాడు యేసుసభ గురువుల పాఠశాలలో చదివాడు, గుడిలో పాడాడు, బడి నాటకాల్లో వేషాలు వేశాడు. గురువు అవుతాడని అయినవాళ్లు ఆశించారు. 1737లో సాల్జ్‌బర్గ్ చేరి అక్కడి బెనెడిక్ట్ సభవారి విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదవడం మొదలుపెట్టాడు. కానీ మనసంతా సంగీతం మీదే. తరగతులకు సరిగా హాజరు కావడం లేదని 1739లో విశ్వవిద్యాలయం ఆయనను తొలగించింది. తరువాతి కాలంలో బిడ్డల పాఠాల విషయంలో అంత పట్టుదల చూపిన తండ్రి, తన చదువును మాత్రం మధ్యలోనే పోగొట్టుకున్నవాడు.

ఆ రోజుల్లో సాల్జ్‌బర్గ్‌ను ఏలేది అక్కడి అగ్రపీఠాధిపతులే. 1743లో లియోపోల్డ్ వారి ఆస్థాన వాద్యబృందంలో వయొలిన్ విద్వాంసుడిగా చేరాడు. 1747లో అన్న మరియను వివాహమాడాడు. ఆ దంపతులకు ఏడుగురు బిడ్డలు పుట్టారు. ఐదుగురు పసితనంలోనే చనిపోయారు. మిగిలింది ఇద్దరే. 1751 జూలై 30న పుట్టిన కూతురు మరియ అన్న, ముద్దుపేరు నానెర్ల్. 1756 జనవరి 27న పుట్టిన కొడుకు వోల్ఫ్‌గాంగ్. ఐదుసార్లు చిన్న శవపేటికను సాగనంపిన ఇంట్లో ఆ ఇద్దరినీ ఎంత అపురూపంగా చూసుకుని ఉంటారో మీరే ఊహించండి.

కొడుకు పుట్టిన 1756లోనే లియోపోల్డ్ వయొలిన్ నేర్పే పద్ధతి మీద ఒక గ్రంథం ప్రచురించాడు. ఆ పుస్తకం ఐరోపాలో ఆయనకు పేరు తెచ్చింది. అందులో ఒక మాట ప్రతి ఉపాధ్యాయుడూ గుర్తుపెట్టుకోదగ్గది. పాఠం చెప్పేముందు శిష్యుడి స్వభావం చూడాలంటాడు ఆయన. ఉత్సాహంతో ఉరికే పిల్లవాడికి మొదటే వేగంగా వాయించేవి ఇస్తే జీవితాంతం తొందరపాటు వదలదు. నెమ్మదిగా, దిగులుగా ఉండే పిల్లవాడికి ఎప్పుడూ నిదానపు పాఠాలే ఇస్తే వాడి వాద్యంలో ప్రాణం ఉండదు. అందరికీ ఒకే కొలత పనికిరాదని 250 ఏళ్ల క్రితమే చెప్పిన మాట ఇది.

ఇంట్లో ఆయన చేసిందీ అదే. నానెర్ల్‌కు ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి, నేటి పియానోకు ముందు తరం వాద్యమైన హార్ప్సికార్డ్ నేర్పడం మొదలుపెట్టాడు. 1759లో ఆమె కోసం ఒక నోటుపుస్తకం తయారుచేశాడు. సులువైన చిన్న పాఠాలతో మొదలై క్రమంగా కష్టమయ్యేలా వాటిని అమర్చాడు. ఆ అమ్మాయి శ్రద్ధగలది, ఓపికగా సాధన చేసేది. అక్క వాయిస్తుంటే మూడేళ్ల తమ్ముడు పక్కన చేరి మీటలు తడుముతూ వినసొంపైన స్వరాల జంటలు వెతుక్కునేవాడు. అక్క పుస్తకమే తమ్ముడికీ మొదటి పుస్తకం అయింది. పిల్లవాడు ఏ పాఠం ఏ రోజు నేర్చుకున్నాడో తండ్రి ఆ పేజీలోనే రాసుకునేవాడు. ఐదో పుట్టినరోజుకు ముందు రాత్రి తొమ్మిదిన్నర గంటలకు, ఒక పాఠాన్ని అరగంటలో నేర్చేశాడని అందులో ఉంది.

వోల్ఫ్‌గాంగ్ తీరు వేరు. ఏది పట్టుకుంటే అదే లోకం. లెక్కలు నేర్చుకునే రోజుల్లో బల్ల, కుర్చీలు, గోడలు, చివరకు నేల కూడా సుద్దముక్కతో రాసిన అంకెలతో నింపేశాడట. అదే పిల్లవాడికి బాకా శబ్దమంటే విపరీతమైన భయం. ఆ భయం పోగొట్టాలని తండ్రి, కుటుంబ మిత్రుడైన ఆస్థాన బాకా విద్వాంసుడు షాహ్ట్‌నర్ చేత పిల్లవాడి ఎదుటే బాకా ఊదించాడు. పిల్లవాడు పాలిపోయి, స్పృహ తప్పినంత పని అయింది. ఎంత తెలిసిన గురువైనా ఒక్కోసారి బిడ్డ తట్టుకోగలిగింది ఎంతో అంచనా వేయలేడు.

1762లో మ్యూనిక్, వియన్నా నగరాలకు వెళ్లివచ్చాక, 1763 జూన్ 9న కుటుంబమంతా పెద్ద ప్రయాణానికి బయలుదేరింది. నానెర్ల్‌కు పన్నెండో ఏడు నిండబోతోంది, వోల్ఫ్‌గాంగ్‌కు ఏడేళ్లు. తిరిగి సాల్జ్‌బర్గ్ చేరింది 1766 నవంబరు 29న. అంటే దాదాపు మూడున్నర ఏళ్లు దారిలోనే. జర్మనీ నగరాలు, బ్రస్సెల్స్, పారిస్, లండన్, హేగ్, స్విట్జర్లాండ్ తిరిగారు. రాజుల ముందు, ప్రభువుల ముందు పిల్లలు వాయించారు. కానుకలతో, టిక్కెట్ల డబ్బుతో బండి నడిచింది. బిడ్డలను ప్రదర్శనకు పెట్టి సంపాదించాడని లియోపోల్డ్‌ను తప్పుపట్టేవారు ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. అయితే ఆ బండి ఒక బడి కూడా అన్నది అంతే నిజం.

బయలుదేరిన కొద్దిసేపటికే వాసర్‌బర్గ్ దగ్గర బండి చక్రం విరిగింది. బాగుచేసేదాకా ఊరికే కూర్చోకుండా తండ్రి పిల్లవాణ్ణి అక్కడి గుడికి తీసుకువెళ్లి, ఆర్గన్‌ను కాళ్లతో ఎలా వాయిస్తారో చూపించాడు. వాడు వెంటనే పీట పక్కకు నెట్టి, నిలబడే వాయించేశాడు. ఆగ్స్‌బర్గ్‌లో తండ్రి ఒక చిన్న ప్రయాణపు వాద్యం కొన్నాడు, దారిలో సాధన ఆగకూడదని. నానెర్ల్ చూసినవి కాగితం మీద రాసుకునేది. లండన్‌లో చూసిన ఏనుగు పిల్లను, తెలుపు, కాఫీ రంగు చారలున్న గాడిదను కూడా రాసింది. అది చారల గుర్రమని మనకు తెలుసు. 1764లో లండన్‌లో తండ్రి జబ్బుపడి, ఇంట్లో వాద్యం ముట్టుకోవద్దన్నప్పుడు, ఎనిమిదేళ్ల తమ్ముడు కాగితాల మీదే సింఫనీ రాయడం మొదలుపెట్టాడు. అక్క పక్కన కూర్చుని ప్రతి రాసిపెట్టింది.

ఇంగ్లండులోనే ఉండిపొమ్మని ఆయనకు అవకాశం వచ్చింది. కానీ బిడ్డల విశ్వాసానికి అది మంచి చోటు కాదని తలచి కాదన్నాడు. డబ్బు లెక్క గట్టిగా చూసే మనిషే అయినా ఆ ఒక్క విషయంలో డబ్బు చూడలేదు.

1765 శరదృతువులో హేగ్ నగరంలో నానెర్ల్‌కు విషజ్వరం వచ్చింది. రోజురోజుకూ క్షీణించి, ఆశ వదులుకునే స్థితికి చేరింది. అక్టోబరు 21న ఆమెకు చివరి దివ్యసంస్కారాలు ఇప్పించారు. తల్లిదండ్రులు మంచం పక్కన కూర్చుని, మంచి మరణానికి బిడ్డను సిద్ధం చేశారు. మరో వైద్యుడు వచ్చి చికిత్స మార్చాక ఆమె కోలుకుంది. అంతలో తమ్ముడు పడ్డాడు. వారాల తరబడి మంచంలో ఉండి ఎముకల గూడై లేచాడు. లియోపోల్డ్ సాల్జ్‌బర్గ్‌లోని తన ఇంటి యజమాని, మిత్రుడు హాగెనావర్‌కు ఉత్తరం రాసి, బిడ్డల కోసం దివ్యబలిపూజలు చేయించమని కోరాడు. రెండేళ్ల తరువాత మశూచి వచ్చినప్పుడూ ఇద్దరూ బతికి బయటపడ్డారు. అప్పుడు ఓలోమోట్స్ నగరంలో ఆ కుటుంబానికి ఆశ్రయమిచ్చింది అక్కడి కతీడ్రల్ గురువు. జబ్బు ఇంట్లోకి వస్తుందని తెలిసీ ఆయన తలుపు తీశాడు.

ఇక్కడివరకు బండిలో ఇద్దరు బిడ్డలకూ చోటుంది. 1769 డిసెంబరు 13న లియోపోల్డ్ ఇటలీకి బయలుదేరినప్పుడు మాత్రం కొడుకును ఒక్కడినే తీసుకువెళ్లాడు. నానెర్ల్‌కు పద్దెనిమిదేళ్లు. పన్నెండేళ్ల వయసులోనే ఐరోపాలోని నేర్పరులైన వాద్యకారుల్లో ఒకతె అని తండ్రే మెచ్చుకున్న అమ్మాయి. ఇప్పుడు తల్లితో ఇంట్లో ఉండిపోయింది. ఆనాటి లోకంలో ఆడపిల్లకు ఆస్థాన సంగీత దర్శకురాలి ఉద్యోగం ఇచ్చేవారు లేరు. ఖర్చు భారం ఉంది. తండ్రి లెక్క తండ్రికి ఉంది. కానీ ఆ లెక్కలో కూతురి ప్రతిభకు చోటు లేకపోయింది.

ఇటలీలో వోల్ఫ్‌గాంగ్‌కు ద్వారాలన్నీ తెరుచుకున్నాయి. బొలోన్యాలో ఫ్రాన్సిస్ సభకు చెందిన మార్తిని గురువు శాస్త్రం నేర్పారు. 1770లో రోమునగరంలో 14వ క్లెమెంట్ పాపుగారు బిరుదు ప్రసాదించారు. ఆ రోజుల్లోనే పిల్లవాడు అక్కకు ఉత్తరం రాస్తూ, ఆమె తన చేత్తో రాసుకున్న లెక్కల సూత్రాలు పంపమని, తన ప్రతి పోయిందని అడిగాడు. ఆమె ఒక పాట స్వరపరచి పంపితే, ఇంత బాగా చేయగలవా అని ఆశ్చర్యపడి, ఇంకా తరచుగా చేయమన్నాడు. ఆమె కూర్చినదేదీ నేడు మిగలలేదు. తమ్ముడు గుర్తించినదాన్ని పెంచి పోషించే గురువు ఆమెకు లేకపోయాడు.

కొడుకు విషయంలోనూ తండ్రికి కష్టాలు తప్పలేదు. 1777లో తనకు సెలవు దొరకక, వోల్ఫ్‌గాంగ్‌కు తోడుగా తల్లిని పంపాడు. ఆమె 1778 జూలై 3న పారిస్‌లో కన్నుమూసింది. 1781లో కొడుకు అగ్రపీఠాధిపతుల కొలువు వదిలి వియన్నాలో స్థిరపడ్డాడు. మరుసటి ఏడు తండ్రి మనసుకు నచ్చని పెళ్లి చేసుకున్నాడు. చిన్ననాడు ప్రతి అడుగూ నేర్పిన చేతికి, ఎదిగిన కొడుకును వదలడం కష్టమైంది.

1784లో నానెర్ల్ ఐదుగురు పిల్లలున్న, రెండుసార్లు భార్యను పోగొట్టుకున్న ఒక అధికారిని వివాహమాడి సెయింట్ గిల్గెన్ అనే ఊరు వెళ్లింది. మరుసటి ఏడు ఆమెకు కొడుకు పుడితే, లియోపోల్డ్ ఆ పసివాణ్ణి సాల్జ్‌బర్గ్‌లో తన దగ్గరే ఉంచుకుని పెంచాడు. 1787 మే 28న చనిపోయేవరకు ఆ మనవడే ఆయన లోకం.

1801లో భర్త పోయాక నానెర్ల్ సాల్జ్‌బర్గ్ తిరిగివచ్చి, పిల్లలకు పియానో పాఠాలు చెప్పుకుంటూ బతికింది. తండ్రి నేర్పిన విద్యే ముసలితనంలో అన్నం పెట్టింది. చివరి రోజుల్లో చూపు పోయింది. 1829 అక్టోబరు 29న మరణించి, పునీత పేతురు మఠం సమాధుల తోటలో విశ్రమించింది. తండ్రి ఉత్తరాలను ఆమె దాచిపెట్టింది. మీరు ఇప్పుడు చదివిన కథలో ఎక్కువ భాగం లోకానికి తెలిసింది ఆ ఉత్తరాల వల్లనే.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లో కూడా ఒక బిడ్డ త్వరగా నేర్చుకుంటాడు, మరొక బిడ్డకు రెండుసార్లు చెప్పాలి. ఒకరు చురుకు, ఒకరు భయస్తులు. ఒకరికి జబ్బు, మరొకరికి ఊరు మారినందువల్ల చదువులో వెనుకబాటు. లియోపోల్డ్ తన పుస్తకంలో రాసినట్టు ఎవరి స్వభావానికి తగ్గట్టు వారికి నేర్పండి. అదే సమయంలో, పద్దెనిమిదేళ్లు నిండిన కూతురికి బండిలో చోటు తీసివేయకండి. ఫీజు ఒక్కరికే సరిపోతుందనుకున్న రోజున, ఎవరి చదువు ఆపాలన్న నిర్ణయానికి ముందు ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఆమె ఏం చేయగలదో, ఏం కోరుకుంటోందో అడగండి. ప్రభువు తలాంతులు పంచినప్పుడు కొడుకులకు వేరుగా, కూతుళ్లకు వేరుగా పంచలేదు. వాటి లెక్క అడిగే రోజున మన చేతికి అప్పగించిన బిడ్డలందరి లెక్కా అడుగుతాడు.