కోలరిడ్జి కవియు, వైద్యుని కొలతయు

వ్యసనమునకు లోబడినవానికి వైద్యుడు మరియొక మందు ఇచ్చునప్పుడు, ఇది ఒక ఉచ్చు విప్పి ఇంకొక ఉచ్చు బిగించుట కాదా అని సంఘస్థులు మమ్మును అడుగుచుందురు. ఆ భయము ఊరక పుట్టినది కాదు. ఆంగ్ల కవియగు శామ్యూల్ టేలర్ కోలరిడ్జి జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

ఆయన 1772లో ఇంగ్లండులోని ఆటరీ సెయింట్ మేరీ అను ఊరిలో ఒక పాదిరిగారి యింట కడగొట్టు బిడ్డగా పుట్టెను. 1781లో తండ్రి చనిపోగా, మరుసటి యేట లండనులోని క్రైస్ట్స్ హాస్పిటల్ అను బడికి పంపబడెను. (పేరున హాస్పిటలు అని యున్నను అది బడియే.) అక్కడ కీళ్లవాత జ్వరముతో చాలకాలము పడకనుండెను. ఆ నొప్పులు పెద్దవాడైన తరువాతను ఆయనను విడువలేదు.

ఆ దినములలో నొప్పికి, దగ్గుకు, పసిపిల్లల ఏడ్పుకు సహితము లాడనము ఇచ్చెడివారు. అది సారాలో కరగించిన నల్లమందే. 1868 వరకు ఆ దేశమున దాని అమ్మకమునకు చట్టము అడ్డు లేదు. ఏ అంగడిలోనైనను దొరకెడిది. 1801 ప్రాంతమున కెసిక్‌లో (తరువాతి కాలమున కూటములవలన మన విశ్వాసులెరిగిన ఊరే) ఆయన నొప్పులకు దానిని మెండుగా త్రాగెను. ఇక మానలేకపోయెను. భార్యాబిడ్డలు బంధువగు సదీ కవి పోషణలో మిగిలిరి.

మిత్రులు గద్దించిరి. 1814లో బ్రిస్టలులో ఆయన వెంట కావలివానిని కూడ పెట్టిరి. ఆయన సిగ్గుపడెను, ప్రార్థించెను, ఏడ్చెను. మరల అంగడికి పోయెను. నల్లమందు చిరకాలము వాడినవాడు ఒక్కసారిగా మానినయెడల దేహము తాళలేదు. ఇది గద్దింపుతో తీరునది కాదని మా తలంపు.

1816 ఏప్రిలులో లండను చెంతనున్న హైగేటులో జేమ్సు గిల్మను అను వైద్యుడు ఆయనను తన యింట చేర్చుకొనెను. సీసా వైద్యుని చేతికి వచ్చెను. గిల్మను మందును పూర్తిగా ఆపలేదు. కొలిచి, తగ్గించి ఇచ్చెను. తన బల్లయొద్ద భోజనము పెట్టెను. కొద్దికాలమునకని వచ్చినవాడు పదునెనిమిది ఏండ్లుండెను. క్రైస్తవ చింతనకు సహాయమైన ఆయన గ్రంథము 1825లో ఆ యింటనుండియే వెలువడెను.

నేడు నల్లమందు జాతి వ్యసనములకు వైద్యులు మెథడోను, బ్యూప్రెనార్ఫిను అను మందులు ఇచ్చుచున్నారు. అవియు ఆ జాతివే గనుక జనులు శంకించుదురు. అయితే కొలత ప్రకారము పుచ్చుకొన్నవాడు పని చేసికొనగలడు, ఇల్లు నిలుపుకొనగలడు. వాటిని సారాతోగాని నిద్రమాత్రలతోగాని కలిపినయెడల ప్రాణాపాయము. చీటీ వ్రాసి పంపివేయు వైద్యునికిని, దినదినము చూచు వైద్యునికిని ఎంతో భేదమున్నది.

కోలరిడ్జి పూర్తిగా విడుదల పొందెనని మేము చెప్పజాలము. గిల్మను ఇచ్చినది చాలక, హైగేటు మందుల అంగడినుండి రహస్యముగా తెప్పించుకొనెడివాడు. అయినను గిల్మను దంపతులు తలుపు మూయలేదు. 1834 జూలై 25న ఆయన వారి యింటనే కన్నుమూసెను.