గడప దాటే రోజున: జార్జ్ ముల్లర్ నేర్పిన పాఠం



జార్జ్ ముల్లర్ అనగానే మనకు ఆయన ప్రార్థన గుర్తొస్తుంది. మనుషులను చేయి చాచకుండా దేవుణ్ణే అడిగి అనాథలను పోషించిన విశ్వాసవీరుడాయన. ఆ పిల్లలు ఆశ్రమం విడిచి వెళ్లే రోజున ఆయన ఏం చేశారో మాత్రం మనం అంతగా చెప్పుకోం.

ముల్లర్ 1805లో ప్రష్యాలో జన్మించారు. యౌవనంలో దారి తప్పారు. పదహారేళ్ల వయసులో సత్రం బాకీ ఎగ్గొట్టి చెరసాల పాలయ్యారు. తండ్రి డబ్బు పంపి విడిపించారు. 1825లో హాలే పట్టణంలో, ఒక ఇంట జరిగిన ప్రార్థన కూడికలో ఆయన హృదయం మారింది.

1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, అద్దె ఇంట్లో అనాథ బాలికలకు ఆశ్రయం తెరిచారు. అదే సంవత్సరం ఆయన భార్య అన్నగారైన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు మన దేశానికి వచ్చారు. తరువాత నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సువార్త నాటారు. కాబట్టి మన ఆకివీడు ప్రాంత సంఘాలకు ముల్లర్ పరాయివాడు కాదు.

1870 నాటికి ఆశ్రమం అయిదు పెద్ద భవనాలైంది. పిల్లల సంఖ్య రెండు వేలకు చేరినా, ఒక్కొక్కరి భవిష్యత్తునూ విడిగానే ఆలోచించారు. మగపిల్లలకు పద్నాలుగు, పదిహేనేళ్లు రాగానే తగిన యజమాని దగ్గర పనిలో చేర్చేవారు. పని నేర్పినందుకు యజమానికి ఇవ్వవలసిన సొమ్ము ఆశ్రమమే కట్టేది. ఆడపిల్లలను ఇంకొన్నేళ్లు ఉంచి, పని నేర్పి, మంచి ఇళ్లలో ఉద్యోగం చూసేవారు. అందరికీ బట్టలు, బైబిలు ఇచ్చి సాగనంపేవారు. 1898లో ఆయన ప్రభువు సన్నిధికి చేరేనాటికి పదివేలమందికి పైగా పిల్లలు ఆ నీడన పెరిగారు.

నేడు మన దేశంలోనూ దారి ఉంది. 18 నిండి సంరక్షణ గృహం విడిచేవారికి ఆర్థిక సాయం ఇవ్వవచ్చని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 46వ సెక్షన్ చెబుతోంది. మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయలు, 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు అందే వీలుంది. అయితే అద్దె గదికి పూచీ ఎవరు? జ్వరమొస్తే ఎవరింటికి వెళ్లాలి? క్రిస్మస్ నాడు ఎవరి పంక్తిలో కూర్చోవాలి? వీటికి పథకంలో జవాబు లేదు.

మన సంఘాల్లో చేపల చెరువుల యజమానులున్నారు, మెకానిక్కులున్నారు, కొట్లు నడిపేవారున్నారు. ఒక్కో సంఘం ఒక్క బిడ్డ చేయి పట్టుకోలేదా? దరఖాస్తు పట్టుకుని జిల్లా బాలల సంరక్షణ కార్యాలయానికి తోడు వెళ్లలేదా?

తప్పు చేసిన ముల్లర్‌కు బాకీ తీర్చే తండ్రి ఉన్నాడు. ఏ తప్పూ చేయని ఈ బిడ్డలకు మనం ఉన్నామా?