తైలవర్ణ చిత్రకారుడు థామస్ హికీ

చిత్రకారుని కుంచె మనిషి రూపాన్ని నిలుపగలదు. ఆ మనిషి పేరును నిలుపవలసినవారు మాత్రం తరువాతి తరాలవారు. స్కాట్లండు, ఐర్లండు చిత్రకారుల తైలవర్ణ చిత్రాలు లండన్ వేలంశాలలలో నేటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. కొనేవారు ముందుగా విచారించేది చిత్రకారుని పేరు. పటంలో ఉన్నది ఎవరో తెలియకపోయినా వేలం ఆగదు. ఈ లోపం ఎంత దూరం పోగలదో థామస్ హికీ జీవితాన్ని పరిశీలిస్తే తెలుస్తుంది. అతడు ఐర్లండు దేశస్థుడు. అతని జీవితం ముగిసింది మాత్రం మదరాసులో.

హికీ 1741లో డబ్లిన్ నగరంలో ఒక మిఠాయి వర్తకుని ఇంట జన్మించినాడు. అతని సోదరుడు జాన్ శిల్పి. డబ్లిన్ సొసైటీ వారి పాఠశాలలో చిత్రలేఖనం అభ్యసించి, ఇటలీలో కొన్ని సంవత్సరాలు గడిపి, తరువాత లండన్, బాత్ నగరాలలో ముఖచిత్రాలు వ్రాస్తూ జీవించినాడు. అక్కడ పేరుమోసిన చిత్రకారులకు కొదువ లేదు. అందువలన, నాటి మరికొందరు చిత్రకారులవలెనే, అతడూ భాగ్యాన్ని వెదకుకొంటూ భారతదేశానికి ప్రయాణమైనాడు.

1780లో అతడు ఎక్కిన ఓడను ఫ్రెంచి, స్పానిష్ నౌకాదళాలు పట్టుకొన్నాయి. విడుదలైన పిమ్మట పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో కొంతకాలం కుంచెనే నమ్ముకొని బ్రతికి, 1784లో కలకత్తా చేరినాడు. 1788లో ప్రాచీన చిత్ర, శిల్పకళల చరిత్రను గురించి ఒక గ్రంథాన్ని అక్కడనే ప్రకటించినాడు. 1791లో స్వదేశానికి మరలి, మరుసటి సంవత్సరమే మెకార్ట్నీ ప్రభువు చైనాకు నడిపిన రాయబార బృందంలో చిత్రకారుడుగా వెళ్ళినాడు. అయితే ఆ యాత్రలో అతడు వ్రాసినవి బహు స్వల్పం. ఆ యాత్రాచిత్రాల కీర్తి అతనికంటె చిన్నవాడైన విలియం అలెగ్జాండర్‌కు దక్కింది.

1798లో హికీ తన కుమార్తెలతో మదరాసు చేరినాడు. 1799 మే 4న శ్రీరంగపట్నం పతనమై టిప్పు సుల్తాన్ వీరమరణం పొందినాడు. ఆ యుద్ధాన్ని ఏడు పెద్ద చిత్రాలలో చూపవలెనని సంకల్పించి, హికీ ఆంగ్ల సేనానుల ముఖాలను సుద్దరేఖలతో పదులకొలది వ్రాసుకొన్నాడు. ఆ ఏడు చిత్రాలు ఎన్నటికీ పూర్తి కాలేదు. ఓడిపోయిన టిప్పు కుమారుల రూపాలను మాత్రం, గెలిచినవారి కోరికపై, అతడు చిత్రించినాడు.

1805 ప్రాంతంలో మైసూరు రాజకుటుంబానికి చెందిన ముగ్గురు స్త్రీలను అతడు ఒకే పటంలో చిత్రించినాడు. కాలక్రమంలో వారి పేర్లు మరుగునపడ్డాయి. ఆ స్త్రీలు నర్తకీమణులో, వేశ్యలో అయి ఉంటారని తలచేవరకు వచ్చింది. 2007లో ఆ పటం సోదబీ సంస్థ వారి వేలానికి వచ్చింది. చరిత్రకారుడు నైజల్ చాన్సలర్ పరిశీలించి, వారు మూడవ కృష్ణరాజ ఒడయార్ రాణులిద్దరూ, వారి పెద్దదిక్కు అయిన లక్ష్మమ్మణ్ణీ అని గుర్తించినాడు. ఒక రాణి పైట తొలగించి భుజాన్ని చూపడం మశూచి టీకాపై ప్రజలకు నమ్మకం కలిగించడానికేనని అతని అభిప్రాయం. జెన్నర్ కనిపెట్టిన ఆ టీకా మన దేశానికి వచ్చింది 1802లోనే. ప్రజాక్షేమం కోసం ముందుకు వచ్చిన రాజపత్నులు, పేరు చెరిగిపోగా, రెండు శతాబ్దాల తరువాత తమ గౌరవాన్ని తిరిగి సంపాదించుకోవలసివచ్చింది.

తెలుగువారికి ఆత్మీయమైన పటమొకటి ఉన్నది. 1816లో హికీ, స్కాట్లండు ద్వీపవాసి కర్నల్ కాలిన్ మెకంజీని చిత్రించినాడు. గ్రామ కైఫీయత్తులను సేకరింపజేసిన మెకంజీ అప్పటికి భారతదేశ సర్వేయర్ జనరల్. ఎర్రని కోటు ధరించిన అతని చుట్టూ ముగ్గురు భారతీయులు నిలిచి ఉన్నారు. తాళపత్రం పట్టుకొన్నవాడు జైన పండితుడు ధర్మయ్య అనీ, దుర్భిణి పట్టుకొన్నవాడు కిష్టాజీ అనీ, మరొకరు మన కావలి వెంకట లక్ష్మయ్య అనీ గుర్తించారు. ఆ పటం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. ఊరూర తిరిగి శాసనాలను, గాథలను ప్రోగుచేసిన పండితుల శ్రమ మెకంజీ పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. హికీ కుంచె వారిని దొరగారి ప్రక్కనే నిలిపింది.

కంపెనీవారి ఆస్థాన చిత్రకారుని పదవిని హికీ కోరినా అది లభించలేదు. 1824లో, ఎనుబది మూడేండ్లు నిండే వయస్సులో, మదరాసులో కన్నుమూసినాడు. అతని పటాలకు వేలంశాలలో ధర కట్టేవారున్నారు. వాటిలోని మనవారెవరో తేల్చే పని చరిత్ర చదివే విద్యార్థులది. ఆ పనికి లండన్ వెళ్ళనక్కరలేదు. మన ఇండ్ల గోడలపై వెలిసిపోతున్న పెద్దల ఛాయాచిత్రాల వెనుక, తెలిసినవారు జీవించి ఉండగానే, పేరూ ఊరూ సంవత్సరమూ వ్రాసి ఉంచడంతో మొదలుపెట్టవచ్చును.