టామస్ క్లార్క్‌సను

ఇంగ్లాండులోని విస్‌బెచ్ పట్టణమున 1760లో జన్మించిన క్లార్క్‌సను, కేంబ్రిడ్జిలో చదువుచు 1785లో బానిసత్వమును గూర్చి లాటిను వ్యాసము వ్రాసి ప్రథమ బహుమానము నందెను. బహుమానముతో తృప్తిపడి యూరకుండువారే పెక్కండ్రు. ఈతనికి మాత్రము మనశ్శాంతి లేకపోయెను.

1787లో లండనునం దేర్పడిన సంఘమువారు సాక్ష్యములకై యీతనిని బ్రిస్టలు, లివర్‌పూలు రేవులకు బంపిరి. ఆఫ్రికా జనులను సంకెళ్లతో వెస్టిండీసు దీవులకు గొనిపోవు నావర్తకము తమ దేశపు నావికులకు మంచి శిక్షణ యని వర్తకులు వాదించుచుండిరి. క్లార్క్‌సను ఓడల సిబ్బంది పట్టీలను వెదకి, యించుమించు 20,000 మంది నావికుల వివరములను సేకరించెను. తక్కిన వర్తకములకంటె నిందులోనే నావికులు హెచ్చుగ మృతినొందుచున్నట్లు తేలెను. వర్తకుల పట్టీలే వారికి బ్రతికూలసాక్ష్యములైనవి! బానిసల దుఃఖము చాలక, నావికుల చావులనుగూడ లెక్కించి చూపవలసివచ్చుట మాకు విచారకరముగ దోచుచున్నది.

లివర్‌పూలులో నీతడు చేతిసంకెళ్లను, వ్రేళ్లను నొక్కు మరలను గొని తెచ్చెను. ఆ రేవుననే కొందఱు దుండగు లీతనిని నీటిలోనికి ద్రోయజూచిరి. మఱియొకమాఱు ఒక్క నావికుని సాక్ష్యమునకై 300లకు పైగా ఓడలెక్కి, తుద కాతనిని బట్టుకొనెను. 1794లో నారోగ్యము చెడి విరమించెను. పదియేండ్లకు మరల పూనుకొనెను.

1807లో బానిసల వర్తకము నిషేధింపబడెను. బానిసత్వమును రద్దుచేయు చట్టము 1833లో గాని రాలేదు. క్లార్క్‌సను 1846లో గతించెను. ఆఫ్రికా జనుల పనితనమును జూపుటకై యాతడు వెంట ద్రిప్పిన వస్త్రముల, తోలుపనుల పెట్టె విస్‌బెచ్ ప్రదర్శనశాలలో నేటికిని గలదు.