ఫ్రాన్స్వా ఎన్నెబిక్

ఫ్రాన్స్వా ఎన్నెబిక్ 1842వ సంవత్సరమున ఫ్రాన్సుదేశపు ఉత్తరభాగమున జన్మించెను. అతడు మొదట రాతిపని నేర్చి, పిమ్మట గృహనిర్మాతయై, ప్రాచీన క్రైస్తవాలయములను బాగుచేయించుటయందు మిక్కిలి ఆసక్తి చూపెను.

ఆ దినములలో మేడలకు కొయ్యదూలములనో, ఇనుపదూలములనో వాడెడివారు. నిప్పంటుకొన్నచో కొయ్య కాలిపోవును. ఇనుము వేడికి మెత్తబడి వంగును. 1879లో బెల్జియము దేశమున ఒక గృహమును నిర్మించుచు ఎన్నెబిక్ ఇనుపదూలములను కాంక్రీటుతో కప్పించెను. అగ్నినుండి రక్షించుటయే అతని మొదటి ఉద్దేశము.

అయితే ఇనుము ఖరీదైన వస్తువు. దానిని ఎచట నుంచినచో తక్కువతో సరిపోవును? బరువు మోయు దూలము నడుమ క్రిందికి వంగును. అప్పుడు పైభాగము నొక్కబడును, క్రిందిభాగము సాగదీయబడును. కాంక్రీటు నొక్కుడునకు బాగుగా ఓర్చును గాని లాగుడునకు త్వరలో పగులును. కావున చువ్వలను క్రిందిభాగమున నుంచి, ఇనుపపట్టీలతో పైభాగమునకు బంధించు పద్ధతిని అతడు కనిపెట్టి, 1892లో పేటెంటు పొందెను. పదేండ్లలో ఆ పద్ధతిని 7,000కు మించిన కట్టడములు వెలసెను.

కీర్తితోబాటు కష్టమును వచ్చెను. 1901లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున ఈ పద్ధతిని కట్టుచున్న ఒక హోటలు కూలి, పలువురు మరణించిరి. పనిలోని లోపములు విచారణలో బయటపడెను. కాంక్రీటు నిర్మాణములకు కట్టుదిట్టమైన నియమములు అవసరమని లోకము గుర్తించెను. ఎన్నెబిక్ అధైర్యపడలేదు. 1911లో రోమునగరమున టైబరునదిపై 100 మీటర్ల కమానుగల వంతెన అతని పద్ధతిని పూర్తి అయ్యెను. 1921లో అతడు కన్నుమూసెను.

ఇనుమును పొదుపుచేయు మార్గమును ఎన్నెబిక్ చూపెను. ఆ పొదుపునకు హద్దును తరువాతి ఇంజనీర్లు ఏర్పరచిరి. దూలము పగిలిన క్షణమున, అంతవరకు కాంక్రీటు భరించిన లాగుడంతయు చువ్వలపై బడును. చువ్వలు మరీ సన్ననివైనచో వెంటనే తెగును. దూలము హెచ్చరిక లేకయే కూలును. తగినంత ఉక్కున్నచో చువ్వలు సాగును, పగుళ్లు కనబడును, దూలము వంగును. లోనివారు బయటపడుటకు వ్యవధి చిక్కును. అందుచేతనే 2000 సంవత్సరపు భారతీయ ప్రమాణము దూలమునకు కనీసపు ఉక్కును నిర్ణయించినది. సాధారణపు గట్టి ఉక్కు చువ్వలకు అది దూలపు అడ్డుకోతలో సుమారు వెయ్యింట రెండు పాళ్లు మాత్రమే.

ఆ రెండు పాళ్లు కంటికి కనబడవు. ఇంటిలోనివారి ప్రాణములు వానిపై ఆధారపడియుండును. పొదుపు మంచిదే, ప్రాణరక్షణకు వలసినదానిని తగ్గించుట మాత్రము పొదుపు కాదు.